టేబుల్ వైన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన టేబుల్ వైన్ గారికి,

ఉభయకుశలోపరి. తక్కువ ధరలో మంచి సీసా వెతుక్కునేవాళ్లందరి తరఫునా రాస్తున్నాను. వైన్లలో మీరు అట్టడుగు తరగతి అని యూరప్ చట్టాలు దశాబ్దాల పాటు చెప్పాయి. ఫ్రాన్స్‌లోనైతే మీ లేబుల్ మీద ద్రాక్ష రకం రాయకూడదు, ఏ ఏటి పంటో రాయకూడదు అనేవారు. ఏం నేరం చేశారని ఇంత గోప్యత?

ఇటలీలో మీ లీలలు ఇంకా గొప్పవి. 1967లో టస్కనీ ప్రాంతపు కియాంతి వైన్‌కి డీఓసీ (ఫలానా ప్రాంతంలో ఫలానా పద్ధతిలో చేసిందని చెప్పే సర్కారీ ముద్ర) హోదా ఇస్తూ, ఆ ఎర్ర వైన్‌లో తెల్ల ద్రాక్ష కనీసం 10 శాతం కలిపి తీరాలన్నారు. వైన్ చేసే ఆంటినోరి కుటుంబం ఆ తెల్ల ద్రాక్ష మానేసి ‘తిన్యానెల్లో’ అనే వైన్ చేసింది. రుచి పెరిగింది, హోదా పోయింది, నేరుగా మీ పంచన చేరింది. టస్కనీలోనే బోల్గెరి అనే ఊళ్లో ఒక మార్కీ (జమీందారు) గారు ఇంటి వాడకానికని కాబెర్నే అనే ఫ్రెంచి ఎర్ర ద్రాక్ష వేసి చేసుకున్న సస్సికాయా వైన్ 1968 పంటతో బజారుకొచ్చింది. అదీ మీ ఖాతాలోనే. 1983లో ఆ ఊరికి హోదా ఇచ్చారు, కాకపోతే తెల్ల వైన్‌కీ, లేత గులాబీ రంగు రోజే వైన్‌కీ మాత్రమే! ఊరికి పేరు తెచ్చిన ఎర్ర వైన్ అప్పటికీ ‘టేబుల్ వైన్’గానే, కియాంతికి అందనంత ధరకు అమ్ముడుపోయింది. చివరికి 1992లో డీఓసీకీ మీకూ మధ్య ఐజీటీ అని కొత్త తరగతి పెట్టారు, 1994లో బోల్గెరి డీఓసీలోనే సస్సికాయాకు దాని పేరుతో ప్రత్యేక విభాగం ఇచ్చారు. పరీక్షే రాయని పిల్లాడికి ఫస్టు ర్యాంకు వస్తే వాడి పేరు మీద కొత్త స్కూలు కట్టినట్టుంది.

అమెరికాలో మీ అవతారం వేరు. అక్కడ మీకు నాణ్యతతో పనిలేదు, ఆల్కహాల్ 7 నుంచి 14 శాతం మధ్య ఉంటే చాలు. పైగా ‘టేబుల్ వైన్’ అని అచ్చేస్తే ఆ శాతం ఎంతో చెప్పక్కర్లేదు కూడా. మా బే ఏరియా తెలుగువాళ్లు పాట్‌లక్‌కి పట్టుకెళ్లే ‘టూ బక్ చక్’ (చార్లెస్ షా వైన్‌కి ముద్దుపేరు) ఒకప్పుడు 1.99 డాలర్లు. 2007లో కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్‌లో ఆ చార్లెస్ షా వారి షార్డొనే అనే తెల్ల వైన్‌కి డబుల్ గోల్డ్ పతకం ఇచ్చారు. ఖరీదైన సీసాల వాళ్ల ముఖాలు చూడాల్సింది.

2009 సంస్కరణల తర్వాత ఫ్రాన్స్‌లో మీరు ‘వాఁ ద ఫ్రాన్స్’ అయ్యారు, ద్రాక్ష పేరు, పంట ఏడాది చెప్పుకునే స్వేచ్ఛ వచ్చింది. సంతోషం. మేమూ కాస్త తెలివి మీరాం లెండి. షాంపేన్ పేరుకు డబ్బులు పోసే బదులు, అలాగే సీసాలో రెండోసారి పులియబెట్టే స్పెయిన్ కావా, ఫ్రాన్స్ క్రెమాన్ అనే నురగ వైన్ల వైపు చూస్తున్నాం. పేరున్న ఊళ్లు వదిలేసి దక్షిణ ఫ్రాన్స్‌లోని ‘పేయి దోక్’ ప్రాంతపు వైన్ల అరల దగ్గర తచ్చాడుతున్నాం. తరగతి కన్నా చేసినవాడి పేరు ముందు చదువుతున్నాం.

ఒక్క విన్నపం. మీలో ఎవరైనా నిజంగా బాగుంటే దయచేసి అధికారుల కంట పడకండి. హోదా ఇచ్చేస్తారు, ఆ పైన మా పర్సు చాలదు.

ఇట్లు,
కింది అరలోనే వెతికే ఒక వినియోగదారుడు