పచ్చ లైటు వెలిగిందంటే నిండినట్టే

ప్యానెళ్ళ కరెంటుని అదుపు చేసి బ్యాటరీకి పంపే సోలార్ ఛార్జ్ కంట్రోలర్‌లో సెట్టింగ్స్ అనే మెనూ ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పెట్టెలోంచి తీశాం, గోడకి బిగించాం, పచ్చ లైటు వెలిగింది, మన పని అయిపోయింది. మన బ్యాటరీ ఏ రకమో, ఏ ఎండలో, ఏ చలిలో కూర్చుందో చూడకుండానే ఎక్కడో ఫ్యాక్టరీలో ఉండి సరైన వోల్టేజీ తేల్చేసిన ఆ మహానుభావుడిని శంకించడానికి మనమెవరం?

కొందరు బ్యాటరీ మీద అంటించిన లేబుల్ కూడా చదువుతారట! నీళ్ళు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీ 12 వోల్టులదైతే, వోల్టేజీ నిలబెట్టి పూర్తిగా నింపే దశ అయిన అబ్సార్ప్షన్‌కి 14.4 నుంచి 14.8 దాకా కావాలని, జెల్‌కి అంత ఇవ్వకూడదని, లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో ఒక్కో సెల్లు 3.65 దాటకూడదని ఏవేవో చెప్తారు. పెళ్ళి సంబంధానికి కూడా ఇన్ని జాతకాలు చూడరు.

నేను మాత్రం 2 ఏళ్ళు పరమ నిష్ఠగా ఉన్నాను. నాది నీళ్ళు పోసే బ్యాటరీ, కంట్రోలర్ సీల్డ్ రకానికి పెట్టి వచ్చింది, 14.1 మీద. అబ్సార్ప్షన్ టైము గంట. రోజూ పొద్దున 11 కల్లా పచ్చ లైటు, మనసు నిండిపోయేది. సాయంత్రం 7 కల్లా బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ కీచుమనేది, అది వేరే విషయం. ప్యానెళ్ళు చాలట్లేదని తేల్చుకుని ఇంకో రెండు కొన్నాను, అదీ ఆలోచించే మనిషి చేసే పని. దాంతో పచ్చ లైటు 10 కే వచ్చేసింది, కీచు మాత్రం 7 కే ఉండిపోయింది.

ఒకరోజు ఓ మిత్రుడు యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ పట్టుకొచ్చి, నేను వద్దంటున్నా మూత తీసి యాసిడ్ పీల్చాడు. బ్యాటరీ పూర్తిగా నిండితే అందులో తేలే గొట్టం, అంటే తేలిక, 1.265 దగ్గర నిలబడాలట. మా తేలిక సిగ్గుపడుతున్నట్టు 1.190 దాకా మునిగింది, అంటే సుమారు సగం. మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ, పక్కనే పచ్చ లైటు వెలుగుతూ! ఛార్జింగ్ కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో 1, 2 శాతానికి పడిపోయేదాకా అబ్సార్ప్షన్ వోల్టేజీ నిలబెట్టాలని, 200 ఆంపియర్ అవర్లదైతే 2 నుంచి 4 ఆంప్స్ అని, గంట కాగానే గడియారం చూసి ఆపేస్తే బ్యాటరీ వాడినప్పుడు పుట్టే సల్ఫేట్ కొంత మిగిలి ప్లేట్ల మీద గట్టిపడి కూర్చుంటుందని వాడు పాఠం చెప్పాడు. నేను హైడ్రోమీటర్‌నే అనుమానించాను. దానికి లైటు లేదు కదా.

ఇక బ్యాటరీ వేడిని కంట్రోలర్‌కి చెప్పే టెంపరేచర్ సెన్సర్. మా ఇంట్లో అది సొరుగులో, స్క్రూడ్రైవర్ల కింద, ప్లాస్టిక్ కవర్‌లో, కట్టిన తీగ విప్పకుండా భద్రంగా ఉంది. 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి ఒక్కో లెడ్ యాసిడ్ సెల్లుకి ఛార్జింగ్ వోల్టేజీ 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గించాలంటారు. ఆరు సెల్లులకి 40 డిగ్రీల వేడిలో లెక్కేస్తే పావు వోల్టు నుంచి అర వోల్టు లోపు. చలిలో అదే లెక్కన పెంచాలి. లిథియానికి ఈ లెక్క పెట్టకూడదు, పైగా దాన్ని సున్నా డిగ్రీల కింద ఛార్జే చేయకూడదు. ఇంత టెన్షన్ ఎవడికి కావాలి? కవర్‌లో ఉంటే కనీసం దుమ్ము పట్టదు.

ఇంకో మతం వాళ్ళున్నారు, ఒక్కసారి మెనూ తెరిస్తే ఇక మూయరు. ఈక్వలైజ్, అంటే కావాలని ఎక్కువ వోల్టేజీ ఇచ్చి సెల్లులన్నీ సమం చేయడం, అనే మాట కనపడగానే వారం వారం వ్రతంలా చేస్తారు, అదీ సీల్డ్ బ్యాటరీకి. నిండు కుండ తొణకదంటారు గానీ వీళ్ళ బ్యాటరీ వాల్వులోంచి గ్యాస్ పోతూనే ఉంటుంది, పోయిన నీళ్ళు తిరిగి పోద్దామంటే మూతే లేదు. నీళ్ళు పోసే రకంలో అయితే బుడగలు లేస్తాయి, ఆ పైకొచ్చేది హైడ్రోజన్, కాబట్టి కిటికీ తీసి ఉంచాలి. వీళ్ళు దోమలొస్తాయని మూస్తారు.

చివరికి పోరు పడలేక నేనూ తప్పు చేశాను. 14.7 పెట్టాను, అబ్సార్ప్షన్ 3 గంటలు చేశాను, సెన్సర్ కవర్ చింపాను. నెల తర్వాత తేలిక 1.240 దాకా వచ్చింది, ఆపైకి రానంటోంది, గట్టిపడినదంతా కరగదట. ఇన్వర్టర్ 10 దాటాక గానీ అరవట్లేదు. కానీ పచ్చ లైటు ఇప్పుడు మధ్యాహ్నం 3 అయితే గానీ వెలగట్లేదు. నిన్న అమ్మ ఆ గోడ వైపు చూసి నిట్టూర్చింది. "ఎందుకు వేలు పెట్టావురా? ఇదివరకు పొద్దున్నే నిండిపోయేది!"