ఫైర్‌బాక్సులో పొంగలి

మా ఆవిడ ఆ ఆదివారం నుంచి పొంగలి వండడం మానేసింది. అడిగితే "ముందు ఇంట్లో గుమ్మాలు వెడల్పు చేయించండి, తర్వాత చూద్దాం" అంటుంది. సంగతి తెలియని చుట్టాలు పాపం గుమ్మాల వంకా నా వంకా మార్చి మార్చి చూస్తారు. వాళ్ళు ఇంకేదో ఊహించుకునే లోపు జరిగింది నేనే చెప్పేస్తే నయం.

నేను పుట్టింది పాకాల జంక్షన్ పక్కన. అక్కడప్పుడు మీటర్‌గేజ్. ఇంజను కూత విని లేవడం, కూత విని పడుకోవడం. పెద్దయ్యాక డ్రైవరు అవుదామనుకున్నాను, బ్యాంకులో క్లర్కునయ్యాను. చెన్నైలో రిటైరై విల్లివాక్కంలో ఇల్లు కట్టుకున్నాక, ఒక రైలు మ్యూజియంలో పాత ఆవిరి ఇంజనును బాగుచేయడానికి వాలంటీర్లు కావాలని తెలిసింది. ఫారంలో "మీకున్న నైపుణ్యం" అన్న గడిలో "ఆసక్తి" అని రాసి ఇచ్చాను. తీసుకున్నారు. అప్పుడే అనుమానం రావాల్సింది.

అది వైపీ తరగతి ఇంజను. వై అంటే మీటర్‌గేజ్, పి అంటే ప్యాసింజరు. ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు. చిన్నప్పుడు నేను చెయ్యి ఊపిన జాతే. ఆవిరి వదిలే రెగ్యులేటరు లాగుతాను, కూత గొలుసు పట్టుకుంటాను అని కలలు కంటూ వెళ్తే, నా చేతిలో ఒక వైరు బ్రష్షు పెట్టారు. నాలుగు ఆదివారాలు తుప్పు గీకాను. ఇంట్లో స్నానాల గది గోడలు కాషాయం తిరిగాయి.

మా గ్యాంగుకి పెద్ద, పెరంబూరు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మామ. తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. నేను నీరసపడ్డప్పుడల్లా ఆయన ఒకటే పురాణం విప్పేవాడు: "1855లో లీడ్స్‌లో పుట్టిన ఈఐఆర్ 21 అనే ఆవిరి ఇంజనుని మా పెరంబూరు లోకో వర్క్స్‌లోనే 2010లో మళ్ళీ పరిగెత్తించారు సారూ. దానికీ మొదట తుప్పే గీకుంటారు." ఆ మాటతో ఇంకో గంట గీకేవాణ్ణి.

అయిదో ఆదివారం నాకు ప్రమోషన్ వచ్చింది. ఫైర్‌బాక్సు లోపల గీకాలి. అదొక ఇనప గది. కింద బొగ్గు మండే కమ్మీలు, ముందు గోడకి కన్నాలు, ఆ కన్నాల నుంచి వేడి పొగ గొట్టాల్లోకి పోయి చుట్టూ ఉన్న నీళ్ళని మరిగిస్తుంది. ఆ గదిలోకి వాకిలి ఏదని అడిగాను. మామ బొగ్గు వేసే కన్నం చూపించాడు.

"ఇందులోంచా?"

"బొగ్గుకీ మనిషికీ అదే దారి సారూ. చేతులు ముందు, తల తర్వాత. మిగతాది అదే వస్తుంది."

పొద్దున్న ఎనిమిదింటికి, పరగడుపున, అలాగే దూరాను. నిజంగానే మిగతాది అదే వచ్చింది. లోపల టార్చి పెట్టుకుని మసి గీకుతుంటే నా అంత సుఖపురుషుడు లేడనిపించింది. తొమ్మిదిన్నరకి టిఫిన్ వచ్చింది. బయటికొచ్చి తిని మళ్ళీ దూరడం ఎందుకు, రెండు ట్రిప్పులు మిగులుతాయి కదా అని బ్యాంకు బుర్ర లెక్క వేసింది. "లోపలికే ఇచ్చెయ్యండి" అన్నాను. పొంగలి పొట్లం వచ్చింది. నెయ్యి, మిరియాలు, జీడిపప్పు. సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు ఆ రోజు రాలేదు, వాడి పొట్లమూ వచ్చింది. రెండు వడలు. ఆ ఫైర్‌బాక్సు ఎన్ని టన్నుల బొగ్గు తిందో గానీ, జీడిపప్పు పడడం అదే మొదలు.

పదిన్నరకి బయల్దేరాను. చేతులు వచ్చాయి. తల వచ్చింది. భుజాలు వచ్చాయి. తర్వాత రావలసింది రాలేదు. ముందుకి కదలదు, వెనక్కి కదలదు. మామ వచ్చి, బేరింగు చూసినట్టు చుట్టూ తట్టి చూశాడు. "ఏం కాలేదు సారూ. ఇనుము వేడెక్కితే సాగుతుంది, చల్లారితే సర్దుకుంటుంది. కాసేపు చల్లారండి" అన్నాడు.

చల్లారుతుండగా బడి పిల్లలు దిగారు. నలభై మంది. నన్ను ఆ భంగిమలో చూపించడం బాగుండదని మావాళ్ళు భుజాలు పట్టి లోపలికి నెట్టి (వెనక్కి మాత్రం భలే సులువుగా వెళ్ళాను) తలుపు దగ్గరకి వేసేశారు. నేను చీకట్లో కూర్చుని ఊపిరి బిగబట్టాను. బయట టీచరమ్మ చక్కగా చెప్తోంది, బొగ్గు ఇక్కడ వేస్తారు, మంట ఇక్కడ మండుతుంది అని. చెప్పి ఊరుకోక తలుపు తీసింది.

మసి మొహం, మూతి చుట్టూ కొబ్బరి చట్నీ. ముందు వరస పిల్లలు అరిచిన అరుపుకి ఇంజను కూత ఏ పాటి! ఒక బుడతడు మాత్రం బెదరలేదు. "తాతా, ఉళ్ళ ఎన్న పణ్రీంగ?" అన్నాడు, లోపల ఏం చేస్తున్నారని.

"వేల పాక్రేన్" అన్నాను, పని చేస్తున్నానని, హుందాగా.

టీచరమ్మ తేరుకుని "వీరు ఫైర్‌మ్యాన్" అంది. ఫైర్‌మ్యాన్ బొగ్గు వేసేవాడు కదా, బొగ్గులో ఉండేవాడా అని ఆ బుడతడికి సందేహం. నోట్‌బుక్కులో మాత్రం ఏదో రాసుకున్నాడు.

ఈలోగా డ్రైవరు నిలబడే ఫుట్‌ప్లేటు మీద నా చొక్కా జేబులో ఫోను మోగింది. మా ఆవిడ. ఎత్తిన కుర్రాడికి అబద్ధం చెప్పడం రాదు. "ఆంటీ, అంకుల్ బాయిలర్‌లో ఇరుక్కుపోయారు."

"మంట వెలిగించారా?"

"లేదాంటీ."

"అయితే సరే. ఒంటిగంటకి భోజనం."

ఆవిడ కంగారు పడకపోవడం నా తప్పే. ఈ ఇంజను బాయిలర్లో చదరపు అంగుళానికి 210 పౌండ్ల ఒత్తిడి ఉంటుంది, నీ కుక్కర్లో పదిహేనే అని నెల రోజులుగా వంటింట్లో కోతలు కోస్తున్నాను. నీళ్ళు మరీ తగ్గితే ఫైర్‌బాక్సు కప్పులో ఉన్న సీసం బిరడా కరిగి, ఆవిరి మంట మీదికి తన్ని డ్రైవరుని హెచ్చరిస్తుందనీ నేనే చెప్పాను. "అలాంటి బిరడా మీకూ ఒకటి ఉంటే, రెండో పొట్లం విప్పగానే కరిగేది" అని సాయంత్రం నాకే అప్పజెప్పింది.

పిల్లలు వెళ్ళాక మామ సిలిండరు ఆయిలు డబ్బా తెచ్చాడు. చిక్కగా, నల్లగా, ఆవకాయ నూనె అడుగులా ఉంటుంది. కన్నం అంచుకి పూశాడు, నాకూ పూశాడు. ఇద్దరు కుర్రాళ్ళు చెరో చెయ్యి పట్టుకున్నారు.

"రైలుకైనా వాక్యూం తయారైతేనే బ్రేకు వదులుతుంది సారూ. ఊపిరంతా బయటికి వదలండి. కడుపు లోపలికి లాగండి. ఎడమ భుజం కిందికి. ఇంకా వదలండి!"

వదిలాను. బొండా మూకుడులోంచి జారినట్టు జారి, కుర్రాళ్ళిద్దరి మీదా పడ్డాను. ప్యాంటు బొత్తాలు రెండు లోపలే ఉండిపోయాయి. మామ టార్చి వేసి లోపలికి తొంగిచూశాడు, బొత్తాల కోసమనుకున్నాను. "కుడి మూల గీకలేదు సారూ" అన్నాడు.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి టిఫిన్ బల్ల పక్కన మేకుకి ఇనప కడ్డీ వంచి చేసిన చట్రం ఒకటి వేలాడుతోంది. సరిగ్గా ఆ కన్నం కొలత. లోపలికి దిగేవాళ్ళు ముందు ఇందులోంచి దూరి చూపించాలట. పైన గోడ మీద సుద్దతో మామ రాశాడు:

బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ.
మీటర్‌గేజ్ 1000 మి.మీ.
సార్‌గేజ్ టిఫిన్ బట్టి.