‘సెకండ్ హ్యాండా అమ్మా?’ అని అడిగే ముందు

2025 విశ్వావసు ఉగాది వేడుకల రోజు మధ్యాహ్నం భోజనాల లైన్లో మా అమ్మాయి నా ముందు నిలబడి ఉంది. పంచాంగ శ్రవణం అయిపోయింది, పిల్లల డాన్సులు ఇంకా మొదలు కాలేదు. డల్లాస్‌లో మన తెలుగు సంఘంలో అందరూ ఎరిగిన పెద్దాయన ఒకరు పులిహోర వడ్డించుకుంటూ పలకరించారు.

"బయట ఆ ఎర్ర కారు నీదేనటగా అమ్మా? బాగుంది. కొత్తదేనా?"

"కాదు అంకుల్, 2019ది."

"సెకండ్ హ్యాండా అమ్మా? ఇంత మంచి ఉద్యోగం చేస్తూ ఇంకొకళ్లు వాడేసిన బండి ఎందుకు? మీ నాన్న ఇంకో పది వేలు సర్దలేకపోయాడా?"

లైన్లో నలుగురు నవ్వారు. ఆయన మనసులో చెడు ఏమీ లేదని నాకు తెలుసు. మా అమ్మాయి కూడా నవ్వింది. తరువాత ప్లేటు పట్టుకుని బయటికి వెళ్లి, ఆ కారులోనే కూర్చుని తింది. సాయంత్రం కార్యక్రమం దాకా ఉండకుండా వెళ్లిపోయింది. నాకు ఇప్పటికీ ఆ ప్లేటే గుర్తొస్తోంది.

ఆయన మీద కోపంతో రాస్తున్నానని అనుకోకండి. అదే ప్రశ్న అంతకు మూడు నెలల ముందు మా ఇంట్లో నేనే అడిగాను. మా అమ్మాయికి మొదటి ఉద్యోగం, ఇరవై నాలుగేళ్ల వయసు, రెండేళ్లు దాచుకున్న డబ్బు. తనకి గేర్లు మార్చుకునే చిన్న స్పోర్ట్స్ కారు కావాలి. కొంటే కొత్తదే కొను, లేకపోతే వద్దు అన్నాను. కొత్త కారు తెచ్చి, ఫ్రిస్కో హనుమాన్ గుడిలో పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి ఫోటో తీసుకుంటే ఆ ఆనందమే వేరు అనుకున్నాను. అందులో కొంత ఆనందం, కొంత నలుగురికీ చూపించుకోవడం. రెండూ ఉన్నాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ముందుగా ఒక డీలర్‌షిప్‌కి వెళ్లాం. ఏ డీలరో, ఏ కంపెనీ బండో ఇక్కడ రాయను. స్టిక్కర్ మీద 33,400 డాలర్లు. దాని పక్కనే ఇంకో కాగితం అంటించి ఉంది: మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ (అంటే డీలరు అదనంగా వేసుకునేది) 3,000, ప్యాకేజీ 1,995. ఆ ప్యాకేజీలో ఏముందని అడిగితే టైర్లలో నైట్రోజన్, పెయింట్‌కి పూత, అద్దాల మీద బండి నంబరు చెక్కడం అన్నారు. 1958లో వచ్చిన చట్టం వల్ల కంపెనీ ధర ఉన్న స్టిక్కర్ ప్రతి కొత్త కారు అద్దం మీద ఉండాలి. పక్కన అంటించిన ఆ రెండో కాగితం మాత్రం డీలరు సొంతం. అందులో ప్రతి అంకె మీదా బేరం ఆడొచ్చు. మనలో చాలామంది రెండు కాగితాల్నీ కలిపి చదివి, చివర ఉన్న అంకెనే ధర అనుకుంటారు.

కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, సేల్స్‌మన్ నన్ను అడిగిన మొదటి మాట: "నెలకి ఎంతయితే మీకు సౌకర్యం?"

నేను ఐదొందల యాభై అనేశాను. అక్కడితో కారు ధర మాట పక్కకి పోయింది. ఐదువేలు ముందు కట్టి, టాక్సూ ఫీజులూ కలిపితే అప్పు దాదాపు 36 వేలు తేలింది. ఏడున్నర శాతం వడ్డీకి అరవై నెలలయితే నెలకి 721. ఆయన లోపలికి వెళ్లొచ్చి, ఎనభై నాలుగు నెలలకి మార్చి, 552 అని నవ్వుతూ చూపించాడు. నేను అడిగిన అంకె వచ్చేసింది కదా అనిపించింది. మా అమ్మాయి ఫోన్లో లెక్క వేసింది. నెలవారీ కట్టేది తగ్గింది కానీ, మొత్తం మీద మూడువేల పైన ఎక్కువ కడుతున్నాం. "నాన్నా, నెల సంగతి తరువాత. అన్నీ కలిపి ఎంతకి బయటికి వస్తుందో ఆ ఒక్క అంకె కాగితం మీద రాసిమ్మందాం" అంది. రాసివ్వలేదు. లేచి వచ్చేశాం.

మా అమ్మ తెనాలి మార్కెట్లో చేసింది అదే. ధర అడిగేది, తన ధర చెప్పేది, ఒప్పుకోకపోతే సంచీ సర్దుకుని నాలుగడుగులు వేసేది. వెనక నుంచి "రామ్మా, రా" అని పిలుపు వచ్చేది. వంకాయలు తూచాక గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు. ఆ నాలుగడుగులు వేయడానికి అమ్మ ఎప్పుడూ సిగ్గుపడలేదు. మనం మాత్రం ఇక్కడ అద్దాల షోరూములోకి అడుగు పెట్టగానే ఆ విద్యంతా మర్చిపోతున్నాం. బేరం ఆడితే చిన్నచూపు చూస్తారేమోనని సంతకం పెట్టేస్తున్నాం. ఆ సంతకం విలువ కొన్ని వేల డాలర్లు. కొన్న కారుని మూడు రోజుల్లో తిరిగిచ్చేయొచ్చని చాలామంది నమ్ముతారు. డీలర్‌షిప్‌లో కొన్న కారుకి అలాంటి ఫెడరల్ నిబంధన ఏదీ లేదు.

ఆ తరువాత మా అమ్మాయి వెతికింది మాజ్డా మియాటా అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. 2019 మోడల్ నుంచి దాని ఇంజన్ 155 హార్స్‌పవర్ నుంచి 181కి పెరిగింది కాబట్టి అంతకంటే పాతది వద్దంది. అలాంటిదొకటి రిటైరైన దంపతులు అమ్ముతున్నారు, 38 వేల మైళ్లు తిరిగింది, అడిగింది 22,500. నేను కారుని పైపైన చూసి బాగుందన్నాను. తను వేరే మెకానిక్‌కి రెండొందలు ఇచ్చి పరీక్ష చేయించింది. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డల్లాస్, కాలిన్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. పాత బండి బ్రేకులు ఎలా ఉన్నాయో కొనేవాళ్లే చూసుకోవాలి.

ఆ మెకానిక్ నాకు చాలా నేర్పాడు. టైరు పక్కన ఉన్న నాలుగంకెలు చదవమన్నాడు. 1419 అంటే 2019లో పద్నాలుగో వారంలో చేసిన టైరు. అరుగుదల తక్కువే ఉన్నా ఆరేళ్ల పాత రబ్బరు, నాలుగూ మార్చాల్సిందే. పైకప్పు గుడ్డది కాబట్టి నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయాయేమో, లోపల కార్పెట్ తడిగా ఉందేమో చూశాడు. బండిని ఎండలోకి తీసుకెళ్లి బానెట్ మీద వడగళ్ల సొట్టలు చూపించాడు. మన ఊళ్లో వసంతకాలం వడగళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. స్పోర్ట్స్ కారుని పాతది కొనేటప్పుడు అసలు భయం మైళ్లు కాదట, వాడిన చేయి. ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చారా, రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లారా, క్లచ్ జారుతోందా అన్నవి ముందు చూడాలన్నాడు.

ఆ రిపోర్టు టేబుల్ మీద పెట్టి మా అమ్మాయి ఇరవై వేలు అంది. వాళ్లు 21,500 అన్నారు. నేను సరే అనబోయాను. తను నా చేయి పట్టుకుని ఆపి, టైర్ల రేటు చూపించి ఊరుకుంది. ఆ నిశ్శబ్దం నాకు చాలా కష్టంగా ఉంది. చివరికి 20,800కి తెగింది. అమ్మేవాళ్లతో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లి టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మార్పించుకుని, 6.25 శాతం చొప్పున 1,300 టాక్సు కట్టింది. అప్పు లేదు.

కొత్తది కొనడం తప్పని నేను అనను. మూడేళ్లో 36 వేల మైళ్లో వారంటీ ఉంటుంది, ముందు ఎవరు ఎలా నడిపారో అన్న బెంగ ఉండదు. పాత కారు అప్పుకి వడ్డీ కూడా ఎక్కువే పడుతుంది. టయోటా జీఆర్86, హోండా సివిక్ టైప్ ఆర్ లాంటి స్పోర్ట్స్ కార్లు పాతవైనా ధర అంత తేలిగ్గా దిగవు. రెండేళ్ల పాతదానికీ కొత్తదానికీ రెండు మూడు వేలే తేడా ఉంటే నేనూ కొత్తదే కొనమంటాను. 2021, 22ల్లో చిప్‌లు దొరకనప్పుడు కొన్ని కార్లు కొత్త ధర కంటే పాతవే ఎక్కువ పలికాయి. ఇది మనకి కొత్త కాదు. 80ల్లో బజాజ్ చేతక్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడలేక మా నాన్న వాడిన స్కూటర్‌ని కొత్తదాని కంటే ఎక్కువ పెట్టి కొన్నారు. వీధిలో వాళ్లందరూ వచ్చి చూసి, మిఠాయి తిని, ఒక్కొక్కరూ ఓ రౌండు వేసి వెళ్లారు. సెకండ్ హ్యాండా అని ఒక్కరూ అడగలేదు.

మరి ఇక్కడికొచ్చాక మనకి ఏమైంది?

యూటీ డల్లాస్ యూనివర్సిటీలో చదువుకునే మన పిల్లల్ని చూడండి. క్రెడిట్ హిస్టరీ, అంటే ఇక్కడ అప్పు తీసుకుని తీర్చిన రికార్డు ఉండదు, వడ్డీ మామూలుగానే ఎక్కువ పడుతుంది. ఉద్యోగం రాగానే మన మాటలకి భయపడి ఏడేళ్ల అప్పుతో కొత్త కారు కొంటున్నారు. ఉద్యోగం పోతే, వీసా టెన్షన్ మొదలైతే ఆ కారుని ఏం చేయాలో తెలియక నాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. అప్పటికి కారు విలువ కంటే అప్పే ఎక్కువ ఉంటుంది.

సంఘం కమిటీని నేను చేతులు జోడించి అడిగేది ఒక్కటే. సాహిత్య సభకి, పన్నుల మీద అవగాహనకి గంట కేటాయిస్తున్నట్టే, కారు కొనడం మీద కూడా ఒక శనివారం గంట పెట్టండి. టైరు మీద అంకెలు చదవడం, మొత్తం ధర రాయించుకోవడం కొత్తగా వచ్చిన పిల్లలకి చూపిద్దాం. ఆదివారం మన దగ్గర చాలా డీలర్‌షిప్‌లు మూసి ఉంటాయి, అప్పుడు వెళ్లి బయట నిలబెట్టిన కార్లని ప్రశాంతంగా చూసుకోవచ్చని చెబుదాం. మా అమ్మాయి వచ్చి చెబుతుందో లేదో నాకు తెలియదు, అడుగుతాను.

కారు వచ్చిన మర్నాడు గుడికి తీసుకెళ్లాం. పూజారిగారు గోత్రం అడిగారు, నక్షత్రం అడిగారు, పసుపు కుంకుమ పెట్టి నాలుగు నిమ్మకాయలు టైర్ల కింద పెట్టారు. కొత్తదా పాతదా అని అడగలేదు. వచ్చే ఉగాదికి తను రానంటోంది. బతిమాలి తీసుకొస్తాను. పార్కింగ్‌లో ఆ ఎర్ర కారు కనబడితే దయచేసి ఎవరైనా దగ్గరికి వెళ్లి, "ఏదీ, ఓ రౌండు తిప్పమ్మా" అనండి.