మొహమాటం గారికి ష్యూరిటీ రద్దు నోటీసు

శ్రీయుత మొహమాటం గారికి,
నివాసం: ఎదుటివాళ్ల ముఖం.

విషయం: మీ మాట మీద ఇన్నాళ్లుగా మేం నిలబడుతున్న పూచీ గురించి.

అయ్యా,

ముందు కుశలం అడగాలి. అడగకపోతే ఏమనుకుంటారోనని లోపల్నుంచి గిల్లుతున్నది మీరే. క్షేమమని తలుస్తాం.

పాత నిఘంటువుల్లో మీ పేరు ముఖమోటమి, మొగమోటమి అని కనిపిస్తుంది. ముఖం, ఓటమి. ఎదుటి ముఖం చూడగానే ఓడిపోవడం. పెద్దలు పేరు పెట్టినప్పుడే రోగం ఎక్కడ అంటుకుంటుందో, ఎలా ముగుస్తుందో చెప్పేశారు. దాన్ని మంచితనం అని పిలుచుకోవడం మా తరవాతి తెలివి. మీ మీద ఒక సామెత కూడా ఉంది. పూర్తిగా రాయడానికి మొహమాటంగా ఉంది కాబట్టి అది నిజమేనని ఒప్పుకుంటున్నాం.

మీ పనితీరు మాకు బాగా తెలుసు. 'అన్నయ్యా, ఒక చిన్న పని' అని అవతలివాడు మొదలుపెడతాడు. చెవులు వేడెక్కుతాయి. గొంతు ఎండుతుంది. ఎవరూ పిలవని నవ్వొకటి ముఖం మీదికొచ్చి కూర్చుంటుంది, తల దానంతటది ఊగుతుంది. 'సరే' అనగానే చెవులు చల్లబడతాయి. ఆ చల్లదనమే మీరు మాకిచ్చే లంచం. ఇబ్బంది తప్పించుకున్న ప్రతిసారీ ఒంటికి హాయి దొరుకుతుంది, హాయి దొరికిన పనిని ఒళ్లు మళ్లీ చేస్తుంది. ఇలా ఒక్కో 'సరే' తిని మీరు బలిశారు. అడిగినవాడికి ఇదేమీ కనబడదు. వాడు చూసింది ఊగిన తలని.

ఇది తెలుగువాళ్ల సొత్తే అనుకుని మురిసిపోకండి. వెనెస్సా బోన్స్ అనే పరిశోధకురాలి బృందం ఒక ప్రయోగం చేసింది. ముక్కూ మొహం తెలియని మనిషొకరు దగ్గరికొచ్చి, లైబ్రరీ పుస్తకంలో పెన్నుతో 'పికిల్' అని రాసిపెట్టమంటారు. తప్పని తెలిసీ, గొణుక్కుంటూనే, సగం మందికి పైగా రాసిపెట్టారు. అడిగినవాళ్లకేమో అంతమంది ఒప్పుకుంటారని నమ్మకమే లేదు. ఊరగాయ దేశస్థులం, అదే మమ్మల్ని అడిగి ఉంటే ఆవకాయ కొలతలతో సహా రాసి ఇచ్చేవాళ్లం.

అసలు కిటుకు మీరు మా వ్యాకరణంలోనే పట్టారు. తెలుగులో నిరాకరణ వాక్యం చివర, క్రియ తోకలో ఉంటుంది. 'సంతకం పెడతాను', 'సంతకం పెట్టను'. తేడా అంతా ఆఖర్న వస్తుంది, మీరు సరిగ్గా అక్కడే కాపు కాస్తారు. 'సంతకం అంటే... మరి... పెట్ట...' అని గొంతు దిగిపోగానే, మిగతాది అవతలివాడు తనకు అనుకూలంగా పూరించుకుంటాడు. అందుకే మొదటి సాధన గొంతుకి. ఒక్క వాక్యం ఎంచుకుని ఫోన్లో రికార్డు చేసి వినాలి. చివరి అక్షరం మొదటి అక్షరమంత గట్టిగా వినబడేదాకా, పదిసార్లయినా సరే.

ఏ వాక్యం అన్నదీ తేలిక విషయం కాదు. 'పెట్టలేను' అంటే, ఎందుకు పెట్టలేవో చర్చించుకుందాం రమ్మని పీట వేసినట్టు. 'పెట్టను' అంటే పెద్దవాళ్ల ముందు పెళుసుగా ఉంటుంది. 'నేను ష్యూరిటీలు పెట్టడం లేదు బావగారూ, ఎవరికీ' అంటే పని జరుగుతుంది. ఆ 'ఎవరికీ' వల్ల బావగారి ముఖం లెక్కలోంచి తప్పుకుంటుంది, ముఖం లేనిచోట మీకు నివాసం లేదు. అయితే మాట నిజం కావాలి. బావగారికి 'ఎవరికీ' అని చెప్పి, నెల తిరక్కుండా తోడల్లుడికి సంతకం పెడితే ఆ కబురు చుట్టాల్లో ఎంత వేగంగా తిరుగుతుందో చెప్పనక్కర్లేదు.

కారణాలు చెప్పడం మీరు నేర్పిన పెద్ద తప్పు. 'ఈ నెల చేతిలో లేవు' అంటే 'ఒకటో తారీకు తరవాత వస్తాలే' అంటాడు. ఒక్కో కారణానికి ఒక్కో పరిష్కారం జేబులో పెట్టుకునే వస్తారు. 'చూద్దాం' అంటే అడిగినవాడి చెవిలో అది ముప్పాతిక సరే. 'ఇంట్లో అడిగి చెబుతా' అంటే నేరం భార్య మీదికి పోతుంది, రేపు ఫోన్ ఆవిడకే వస్తుంది. కారణం లేకుండా, అదే వాక్యాన్ని అదే గొంతుతో మూడుసార్లు చెప్పడం మంచిది. మూడోసారికి అడిగేవాడు టాపిక్ మారుస్తాడు, లేదా అలుగుతాడు. అలిగితే అలగనివ్వాలి. వెనకాలే వెళ్లి బుజ్జగించడానికి పరుగెత్తే కాళ్లు మీవి.

గడువు అడగడం కూడా పనికొస్తుంది. 'రేపు పొద్దున పదింటికి చెబుతాను' అని, పదింటికి మనమే ఫోన్ చేయాలి. చేయకుండా దాక్కుంటే మౌనం అర్ధాంగీకారం, మిగతా అర్ధం సాయంత్రానికల్లా కాగితాలతో ఇంటికొస్తుంది.

ఆ కాగితాల సంగతికి వద్దాం, మీరు ఎక్కువ సంపాదించింది అక్కడే. 'ఫార్మాలిటీ సంతకమేనండీ' అనే మాట కనిపెట్టింది ఎవరోగానీ ఆయనకు మీరు గుడి కట్టాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, ష్యూరిటీ బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు వాడి వెంటపడి, అలిసిపోయాకే సంతకందారు గుమ్మం తొక్కాలన్న నియమం బ్యాంకుకు లేదు. చీటీల్లో ఇంకా ముచ్చటగా ఉంటుంది. 50 నెలల చీటీని 6వ నెలలో పాడుకున్నవాడికి డబ్బు చేతికొస్తుంది. మిగిలిన 44 వాయిదాలు ష్యూరిటీల నెత్తిన వేలాడుతుంటాయి. జీతం స్లిప్పు ఉన్నవాళ్లనే వెతుక్కుంటూ రావడానికి కారణం ప్రేమ కాదు, జీతాన్ని జప్తు చేయడం సులువు. కోర్టు డిక్రీ వస్తే, లెక్కకొచ్చే నెల జీతంలో మొదటి 1,000, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలి తక్కింది పట్టుకోవచ్చు. లెక్కకొచ్చేది 40,000 అయితే నెలకు 13,000, ఒకే డిక్రీ కింద 24 నెలల దాకా. ఒక్కసారి తల ఊపిన ఖరీదు, జీతంలోంచే 3,12,000 దాకా. చెవుల చల్లదనానికి ఏసీ కొనుక్కున్నా ఇంతవదు.

చేబదుళ్ల గురించి క్లుప్తంగా. తిరిగి రాకపోయినా నిద్ర పట్టేంత మొత్తమే ఇవ్వాలి, దాన్ని ఇచ్చేసినట్టే రాసుకోవాలి. అంతకు మించితే ప్రాంసరీ నోటు, తేదీతో సహా. అడిగినప్పుడు చెల్లించే నోటుకు మూడేళ్లే ఆయుష్షు. ఆ లోపు వాడు కొంత కట్టి, నోటు వెనక జమ రాసి సంతకం చేస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. నోటు అడగడానికి మొహమాటం, జమ రాయించడానికి మొహమాటం, మూడేళ్లు దాటాక గుర్తుచేయడానికి మరీ మొహమాటం. మూడు చోట్లా మీరే.

మిమ్మల్ని ఎదుర్కోవాలనుకున్నవాళ్లు నేరుగా బావగారితో మొదలుపెట్టి బోల్తా పడతారు. కసరత్తుకి వెళ్లిన మొదటిరోజే వంద కిలోలు ఎత్తినట్టు. ఇబ్బందికి పదికి ఎన్ని మార్కులో వేసుకుని, మూడు మార్కుల పనితో మొదలుపెట్టాలి. చిల్లర బదులు చాక్లెట్ ఇస్తే చిల్లరే అడగడం. పది చీరలు తీయించి, 'నచ్చలేదండీ' అని లేచి రావడం. ఇక్కడ ఒక నియమం ఉంది: పరిహారంగా జాకెట్ ముక్క కొనకూడదు. కొంటే ఆరోజు సాధన రద్దు. అదే మెట్టు మీద, మూడు మార్కులు ఒకటికి దిగేదాకా, వారమైనా ఉండాలి. తరవాత విందు. వడ్డించేవాడు వంగకముందే విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టాలి. గరిట వంగాక 'చాలు చాలు' అనడం మర్యాదకే తప్ప అన్నానికి వినబడదు. ఆపైన ఆఫీసు పని, తరవాత డబ్బు. సంతకం ఆఖరి మెట్టు.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి, అది మీకు తెలిసిన రహస్యమే. కాదని చెప్పిన రాత్రే ప్రమాదం. నిద్ర పట్టదు, తప్పు చేసినట్టుంటుంది. పొద్దున్నే ఫోన్ చేసి, అడిగిన దానికన్నా ఎక్కువే ఇస్తామని ఒప్పుకుంటారు. అందుకే ఒకరోజంతా అవతలివాడికి ఫోన్ చేయకూడదని ముందే అనుకోవాలి. రెండో చెడు దీనికి తలకిందులు: ఆరేళ్లు కడుపులో ఊరబెట్టి, ఒక పెళ్లిలో పప్పు దగ్గర పేలిపోవడం. కేక వేసినవాడికి ధైర్యం వచ్చిందని చుట్టాలు అనుకుంటారు. వారానికల్లా క్షమాపణగా వాడు ఇంకో సంతకం పెడతాడు.

మీకు న్యాయం కూడా చేయాలి. మీ ఇంటి పక్కనే దాక్షిణ్యం గారుంటారు, ముఖాలు ఒకేలా ఉండి జనం పొరబడతారు. పరీక్ష సులువు. అదే మాట ఉత్తరం మీద, ముఖం చూపించకుండా అడిగితే చేసేవాళ్లమా? చేస్తామంటే అది దాక్షిణ్యం, సంతోషంగా చేయొచ్చు. ఇంకో సంగతి, మీ వసూళ్లు అందరి దగ్గరా సమానం కావు. కొత్త కోడలు కాదంటే పొగరు, మామగారు కాదంటే ముక్కుసూటితనం. కాదన్నందుకు గూడో కూడో పోయేవాళ్లకు పైన చెప్పిన మెట్లు సరిపోవు. వాళ్లకు ముందు పక్కన నిలబడే మనిషి కావాలి, వాళ్ల మౌనాన్ని బలహీనత అనే హక్కు ఎవరికీ లేదు.

ఇక నోటీసు. అదే కాంట్రాక్టు చట్టం 130వ సెక్షన్ కింద, లావాదేవీ తరవాత లావాదేవీగా కొనసాగే హామీని ష్యూరిటీ ఎప్పుడైనా, ముందు ముందు జరిగే లావాదేవీల మేరకు, నోటీసిచ్చి రద్దు చేసుకోవచ్చు. మీతో మాది అలాంటి హామీయే అని భావిస్తూ ఈ లేఖతో రద్దు చేస్తున్నాం. ఈ తేదీకి ముందు ఊపిన తలలన్నిటికీ కడతాం, వాయిదాలు నడుస్తున్నాయి. ఈ తేదీ తరవాత మా ముఖం మీద కనిపించే నవ్వును అంగీకారంగా పరిగణించరాదు.

ఇట్లు,
మీ ష్యూరిటీదారులు

(సంతకం పెట్టడం లేదు. ఎవరికీ.)