మిస్సోరీలో ఓడింది అభ్యర్థులు, అజెండా కాదు

2024 నవంబరులో మిస్సోరీ ఓటర్లు ట్రంప్‌ను 18 పాయింట్ల ఆధిక్యంతో గెలిపించారు. అదే బ్యాలెట్‌లో కనీస వేతనాన్ని గంటకు 15 డాలర్లకు పెంచి, జబ్బు చేస్తే జీతంతో సెలవు ఇవ్వాలన్న ప్రతిపాదనకూ 57 శాతానికి పైగా ఓటేశారు. అమెరికాలో ప్రగతిశీల రాజకీయాలకు కాలం చెల్లిందనేవారు ముందు ఈ లెక్కకు జవాబు చెప్పాలి. 2020లో ఫ్లోరిడాలోనూ ట్రంప్‌తో పాటే 15 డాలర్ల వేతనమూ గెలిచింది.

మరి ఆ ఓటు డెమోక్రాట్లకు ఎందుకు పడదు? ఫెడరల్ కనీస వేతనం 2009 జులై నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఉంది. వారానికి 40 గంటల చొప్పున ఏడాదంతా పనిచేసినా వచ్చేది 15,080 డాలర్లు. 2021 మార్చిలో దాన్ని 15 డాలర్లు చేద్దామని సెనేటర్ బెర్నీ శాండర్స్ సవరణ తెస్తే, డెమోక్రాట్ల పక్షంలోనే ఎనిమిది మంది అడ్డం తిరిగారు. సెనేట్‌లో 42-58తో అది వీగిపోయింది.

పిల్లల పన్ను రాయితీ మరీ బాధాకరం. 2021 జులై నుంచి డిసెంబరు దాకా ఆరేళ్లలోపు పిల్లలకు నెలకు 300, పెద్దపిల్లలకు 250 డాలర్లు అందాయి. ప్రభుత్వ సాయాన్నీ కలిపి చూసే సెన్సస్ బ్యూరో లెక్కలో ఆ ఏడాది పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది. గడువు ఏడాదే పెట్టారు, పొడిగింపుకు అప్పటి డెమోక్రాట్ సెనేటర్ జో మాంచిన్ ఒప్పుకోలేదు. 2022లో అది 12.4 శాతం. ఇచ్చి లాక్కున్నది జనం మరచిపోరు.

మిస్సోరీలోనూ గెలుపు నిలవలేదు. 2025లో రాష్ట్ర శాసనసభ ఆ జబ్బు సెలవును రద్దు చేసింది. ప్రతిపాదన మామూలు చట్టంగా ఓటుకు వెళ్లడమే అందుకు వీలిచ్చింది. జనం ఒక ప్రతిపాదనను బ్యాలెట్‌కు ఎక్కించాలంటే ఎనిమిది కాంగ్రెస్ నియోజకవర్గాల్లో ఆరింటిలో, గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో చట్టానికైతే 5 శాతం, రాజ్యాంగ సవరణకైతే 8 శాతం సంతకాలు కావాలి. అదే రోజు సవరణగా గెలిచిన అబార్షన్ హక్కును శాసనసభ తనంతట తాను కొట్టేయలేక, మళ్లీ ప్రజల ముందుకే పంపాల్సి వచ్చింది. ఆ అదనపు 3 శాతం ఎంత ఖరీదైనా పెట్టాల్సిన ఖర్చే.

సంతకాలు సేకరించేదెవరు? యూనియన్లను బలహీనపరిచే చట్టాన్ని 2018లో ఇదే రాష్ట్రంలో ప్రజల ఓటుకు తెచ్చి ఓడించడానికి మూడు లక్షలకు పైగా సంతకాలు తెచ్చింది కార్మికులే. 1950లలో ఉద్యోగుల్లో దాదాపు మూడో వంతు యూనియన్లలో ఉండేవారు, 2024 నాటికి 9.9 శాతమే మిగిలారు. సంఘం పెట్టుకునే హక్కును బలపరిచే ప్రో యాక్ట్ 2021లో ప్రతినిధుల సభ దాటినా, ఫిలిబస్టర్‌ను (చర్చను సాగదీసి బిల్లును ఓటుకు రాకుండా ఆపే వీలును) దాటే 60 ఓట్లు లేక సెనేట్‌లో ఆగింది. ఆ నిబంధనను మారుస్తారో లేదో సెనేట్ అభ్యర్థులు పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీలోనే తేల్చి చెప్పాలి.