శక్తి నిత్యత్వ నియమం రద్దయింది, గమనించగలరు

శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం అని ఇన్నాళ్లూ బళ్లో బట్టీ పట్టించిన వాక్యం ఇకమీదట చెల్లదు. ఎవరు రద్దు చేశారు, గెజిట్‌లో ఎప్పుడొచ్చింది అని అడిగేవాళ్లు పిల్లల సైన్సు వీడియోలు చూడనివాళ్లై ఉంటారు. కోడిగుడ్డు సీసాలో దూరే వీడియోకీ, జేసీబీకి కళ్లూ మూతీ పెట్టి ఆడించే పాటకీ మధ్య ఆ పని ఎప్పుడో అయిపోయింది. ఎనిమిది నిమిషాల వీడియో. మొదటి నిమిషంన్నర బెల్ గుర్తు నొక్కమని బతిమాలడం. మిగతాదంతా కరెంటు లేకుండా రాత్రింబవళ్లు నీళ్లు తోడే పంపు.

తయారీ తేలిక. లీటరు కూల్‌డ్రింకు సీసాను సగానికి కోయాలి. మూత ఉన్న సగాన్ని తలకిందులుగా నిలబెట్టి, మూతకు చిల్లి పెట్టి సెలైన్ పైపు దూర్చి, చుట్టూ గ్లూ గన్‌తో కారకుండా మూసెయ్యాలి. పైపును పక్కనుంచి పైకి తెచ్చి, సీసా అంచుకన్నా జానెడు ఎత్తుకు లేపి, కొసను మళ్లీ సీసాలోకే వంచాలి. నీళ్లు పోస్తే చాలు, అవి పైపు ఎక్కి సీసాలో పడతాయి, మళ్లీ ఎక్కుతాయి, మళ్లీ పడతాయి. కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్ దగ్గర భూమి లోపల ఒక్కోటి 139 మెగావాట్ల మోటార్లు ఏడు బిగించి కాళేశ్వరం నీళ్లను ఎత్తిపోయించిన ఇంజినీర్లు దీనికి ఏం సమాధానం చెబుతారో చూడాలి. సెకనుకు ఒక ఘనమీటరు నీటిని వంద మీటర్లు ఎత్తాలంటే తక్కువలో తక్కువ 981 కిలోవాట్లు కావాలని వాళ్లు లెక్కలు కట్టుకు కూర్చున్నారు. సెలైన్ పైపు సంగతి వాళ్ల దృష్టికి ఎవరూ తీసుకెళ్లలేదు.

ప్రతి మంచి పనికీ అడ్డుపడే చాదస్తులు కొందరుంటారు. సీసాలో నీటిమట్టం ఎక్కడుంటే పైపులోనూ అక్కడే ఆగుతుందట. బాల్‌పెన్ రీఫిల్ లాంటి సన్నని గొట్టమైతే కేశనాళికత వల్ల ఇంకాస్త, కొన్ని మిల్లీమీటర్లు, ఎక్కుతుందిగానీ అలా ఎక్కిన నీరు కొస నుంచి బొట్టుగా రాలదట. నిజమే, ఇంట్లో చేసి చూసిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ అదే జరుగుతుంది. అంతటితో ఊరుకోకుండా వాళ్లు వీడియోను ఆపి ఆపి చూస్తారు. నీళ్లు తిరుగుతున్నంతసేపూ సీసాను బల్ల మీంచి ఎందుకు ఎత్తరు? దాని కింద అంత మందం థర్మాకోల్ పెట్టె దేనికి? బల్ల వెనకనుంచి పోయే ఆ నల్ల వైరు ఎవరిది? అది అక్వేరియం పంపుదే అనుకుందాం. పంపు గురించిన వీడియోలో పంపు ఉంటే తప్పేమిటో వాళ్లే చెప్పాలి. పైగా ఇది మన సంప్రదాయమే. ఆకుల్లో సగం పాదరసం నింపిన చక్రం దానంతటదే తిరుగుతుందని 12వ శతాబ్దంలోనే భాస్కరాచార్యుడు రాసిపెట్టాడు. పాపం, ఆయన కాలానికి ఎడిటింగ్ లేదు.

పొలంలో ఉండే పంపు మీద ఇలాంటి వీడియో ఎందుకు రాదో కూడా అర్థం చేసుకోవాలి. నీళ్లు వెనక్కి జారకుండా పైపు అడుగున బిగించే ఫుట్‌వాల్వు రెక్కలో చిన్న ఆకు ఇరుక్కుంటే అది సరిగ్గా మూసుకోదు. పైపులో నిలిచిన నీళ్లన్నీ బావిలోకి జారిపోతాయి. మోటారు గాలిలో తిరుగుతూ మోగుతుందేగానీ చుక్క రాదు. అప్పుడు వాల్వు శుభ్రం చేసి, బిందెడు నీళ్లు పోసి, గాలి పోయాక స్విచ్చి వెయ్యాలి. మోటారు గట్టుమీద ఉండి బావిలో నీళ్లు ఏడెనిమిది మీటర్ల కిందికి పోయాయంటే ఎన్ని హార్స్‌పవర్‌లున్నా లాగదు. పీల్చేది మోటారే అనిపిస్తుంది కానీ నీటిని పైపులోకి తోసేది బయటి గాలి ఒత్తిడి. దాని శక్తి లెక్క ప్రకారం 10.3 మీటర్లు, వాడకంలో ఆరేడు. ఊళ్లో పదేళ్ల పిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతిని థంబ్‌నెయిల్ మీద ఎలా పెడతారు? ఫుట్‌వాల్వు ముందు నోరు తెరిచి ఆశ్చర్యపోవడం ఎంత గొప్ప నటుడికైనా కష్టం.

ఇక కొవ్వొత్తి. పళ్లెంలో సిరా కలిపిన నీళ్లు, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తి, దాని మీద గాజు గ్లాసు బోర్లించడం. మంట ఆరుతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. "చూశారా పిల్లలూ! ఆక్సిజన్ 21 శాతం మండిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి." ఇంత చక్కని లెక్క ఇంకెక్కడ దొరుకుతుంది? గ్లాసులో ఐదో వంతు కూడా నిండింది. చాదస్తులు మాత్రం ఒకటికి మూడు కొవ్వొత్తులు వెలిగించి అదే గ్లాసు బోర్లిస్తారు. నీళ్లు ఇంకా పైకి పోతాయి. గ్లాసు అదే, అందులో గాలి అంతే, మరి ఆక్సిజన్ ఎక్కువెలా అయింది? ఆ వీడియోనే నెమ్మదిగా తిప్పి చూస్తే ఇంకో అపచారం బయటపడుతుంది. గ్లాసు పెట్టేటప్పుడు అంచు కిందనుంచి బుడగలు బయటికి పోతాయి, అది వేడికి వ్యాకోచించిన గాలి. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు. మంట ఆరాక, లోపలి గాలి చల్లబడి కుంచించుకున్నాక, ఒక్కసారిగా ఎక్కుతాయి. ఆరిన కొవ్వొత్తి చుట్టూ ఇంకా 16 శాతం దాకా ఆక్సిజన్ మిగిలే ఉంటుంది. అందుకని వీడియోలు తీసేవారికి ఒక సాంకేతిక సలహా. బుడగలు కనబడకుండా గ్లాసు అంచుకు పైన కెమెరా పెట్టుకోండి. మంట ఆరే క్షణానికి కత్తెర వేసి, నీళ్లెక్కిన గ్లాసుకు పోండి. ఆ రెండు సెకన్లే పిల్లల్ని చెడగొట్టేది.

ప్రకృతి పాఠాల జోలికి ఎక్కువ పోనక్కర్లేదు, అవి ఎప్పుడో పరిపూర్ణత సాధించాయి. కళ్లజోడు పెట్టుకున్న సూర్యుడు, బుగ్గలున్న మేఘం, మంచుకొండ, దేవదారు చెట్లు, తెల్ల కంచె వేసిన ఇల్లు. వాన స్విట్జర్లాండులో పుట్టి పెరిగిందని తెలుగు పిల్లలు నలభై సెకన్లలో గ్రహిస్తారు. నెల్లూరు పిల్లలకు మాత్రం వాన ప్రధానంగా అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలతో ఎందుకొస్తుందో చెప్పరు. అనంతపురంలో వెయ్యి అడుగులు తవ్వినా బోరులోంచి రాతిపొడే ఎందుకొస్తుందో కూడా చెప్పరు. బోరు, ట్యాంకరు, ఇరవై లీటర్ల క్యాను ఆ బొమ్మలో ఎక్కడ గీస్తారు, మేఘం అడ్డొస్తుంది కదా! మరుగుతున్న కెటిల్ మూతి దగ్గర తెల్లటి పొగను చూపించి "ఇదే నీటి ఆవిరి" అనడం మాత్రం తప్పనిసరి. నిజం ఆవిరి కంటికి ఆనదు. మూతికీ తెల్లపొగకీ మధ్య ఏమీ లేనట్టు కనిపించే ఆ అంగుళం జాగాలో ఉంటుంది. తెల్లగా ఉన్నవి చల్లబడ్డ నీటి బిందువులు, మేఘం కూడా అదే సరుకు. కానీ కంటికి కనిపించనిదాన్ని వీడియోలో చూపిస్తే వ్యూస్ ఏమవుతాయి?

యంత్రాల విభాగంలో సిరంజీ జేసీబీకి ఎదురులేదు. అట్టముక్కల చెయ్యి, వెదురుపుల్లల ఇరుసులు, మెడికల్ షాపులో కొన్న నాలుగు జతల సిరంజీలు, సెలైన్ పైపు. వీడియోలో టైము ముందుకు పరుగెత్తి, చివర్లో తొట్టి మట్టిని గబుక్కున ఎత్తుతుంది. ఇంట్లో ఎత్తదు. పైపులో బఠాణీ గింజంత గాలిబుడగ మిగిలినా చాలు, నొక్కినదంతా బుడగే మింగుతుంది, ఎందుకంటే గాలి కుంచించుకుంటుంది, నీరు కుంచించుకోదు. బకెట్ నీళ్లలో పైపునీ రెండు సిరంజీలనీ ముంచి, ఒకదాని పిస్టన్ పూర్తిగా నొక్కి, రెండోదాన్ని పూర్తిగా నింపి, నీళ్ల కిందే కలిపితే ఆ బాధ ఉండదు. ఇంకో చిక్కు, సిరంజీ గొట్టాన్ని అట్టకు గ్లూ గన్‌తో కదలకుండా అతికించేయడం. చెయ్యి పైకి లేచేకొద్దీ సిరంజీ వాలు మారాలి, మారే వీల్లేకపోతే పిస్టన్ ఒరుసుకుని పక్కనుంచి నీళ్లు కారతాయి. రోడ్డు పక్కన తవ్వుతున్న జేసీబీ సిలిండర్‌ను చూడండి, రెండు చివరలా పిన్నులే ఉంటాయి. 5 ఎంఎల్ సిరంజీతో 20 ఎంఎల్‌ది తోస్తే బలం పెరుగుతుంది, కానీ అది తన దారిలో పావువంతే కదులుతుంది. అటుదిటు చేస్తే దూరం వస్తుంది, బలం పోతుంది. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అంతటా సమానంగా పాకుతుందనే, మాస్టారు గంటసేపు చెప్పినా ఎక్కని పాస్కల్ నియమం పిల్లల బొటనవేలికి ఇక్కడే తగులుతుంది. సరిగ్గా ఇక్కడే వీడియో ఎగిరి ముందుకు దూకుతుంది.

దూకకపోతే ప్రమాదం ఏమిటో అరవింద్ గుప్తాను చూస్తే తెలుస్తుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, చెత్తబుట్టలో దొరికినవీ పోగేసి బొమ్మలు చేయించాడు. 2018లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆయన చూపించినవి చేస్తే అవుతాయి. అందుకే పిల్లలు సగంలో లేచి కత్తెర వెతుక్కోవడానికి పోతారు. ఇక వీడియో చివరిదాకా ఎవరు చూడాలి, ప్రకటనలు ఎవరి కోసం?

సైన్స్ ఫెయిర్ల కాలం కాబట్టి నిమ్మకాయ కరెంటు గురించి ఒక విన్నపంతో ముగిస్తాను. ఒక్క నిమ్మకాయకు రాగి తీగ, జింకు పూత మేకు గుచ్చితే, రెండూ ఒకదానికొకటి తగలకుండా ఉంటే, 0.9 వోల్టులు వస్తాయి. కరెంటు మహా అయితే ఒక మిల్లీ యాంపియర్. ఆ శక్తి ఇచ్చేది కూడా నిమ్మకాయ కాదు, అందులో కరిగే జింకు. ఎర్ర ఎల్‌ఈడీ మిణుకుమనడానికే మూడు కాయలు వరసగా కలపాలి. వీడియోలో రెండు కాయలకు తొమ్మిది వాట్ల బల్బు పట్టపగలులా వెలుగుతుంది. మామూలు లెక్కకు దానికి పదివేల కాయలు కావాలి, గూడూరు మార్కెట్‌కు లారీ పంపాలి. కాబట్టి ఫెయిర్‌లో పెట్టే పిల్లలు ఇన్వర్టర్ బల్బే కొనాలి, లోపల లిథియం సెల్ ఉన్నది, ముందు రాత్రే ఛార్జింగ్ అయినది. మార్కులు వేయడానికి వచ్చే మాస్టార్లు దయచేసి ఆ బల్బును హోల్డర్లోంచి ఊడదీసి చేత్తో పట్టుకోవద్దు. అరచేతికి కాస్త చెమట ఉంటే చాలు, అది మాస్టారి చేతిలోనే వెలుగుతుంది.