మెడ ‘పటక్’మంటే నొప్పి పోయినట్టు కాదు

కటింగ్ అయిపోగానే తల మీద నాలుగు దెబ్బలు వేసి, గదవ పట్టుకొని మెడను ఒక్క తిప్పు తిప్పడం మన నల్గొండ సెలూన్లలో పాత అలవాటే. పైగా ఫ్రీ, అందుకే ఎవరూ వద్దనరు. ఫిజియోథెరపీ చేసే నా దగ్గరికి వచ్చి కూడా చాలామంది అడిగే మొదటి మాట అదే: “సారూ, జర ఒక్కపారి మెడ ఇరవరాదు, హల్కగైతది.” నేను విరవను. ‘ఈయనకు చేతకాదు’ అనుకొని లేచి పోయినవాళ్లూ ఉన్నారు. పోనీ.

ఆ చప్పుడుతో జారిన ఎముక ఏదీ సర్దుకోదు. కీలులో ఉండే జిగట ద్రవంలో గ్యాస్ బుడగ ఏర్పడినప్పుడు వచ్చే శబ్దం అది. కాసేపు హాయిగా ఉంటుంది, పొద్దుగూకేసరికి మళ్లీ మొదటికే. మెడలో ఏడు పూసలున్నాయి. వాటి పక్కలనున్న రంధ్రాల గుండానే మెదడు వెనుక భాగానికి రక్తం మోసే రెండు ధమనులు పైకి పోతాయి. మెడను ఉన్నట్టుండి మెలిపెడితే ధమని లోపలి పొర చిరిగి, రక్తం గడ్డకట్టి, పక్షవాతం దాకా పోవచ్చు. అరుదే, కాదనను. కానీ ఎవరి మెడలో ఏముందో తెలియకుండా ఆ రిస్కు ఎందుకు తీసుకోవాలి?

మన జిల్లాలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఏళ్ల తరబడి బోరునీళ్లు తాగిన పెద్దలున్నారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు, అక్కడి నీళ్లలో అంతకు ఎన్నో రెట్లుండేది. అది ఎముకల్లో పేరుకుంటుంది, పూసల్ని పట్టి ఉంచే పట్టీల్లాంటి లిగమెంట్లు కూడా ఎముకలా గట్టిపడతాయి, వెన్నుపాము పోయే దారి ఇరుకవుతుంది. కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లలు బాగుపడ్డారు, కానీ అప్పటికే బిగుసుకున్న మెడ వెనక్కి రాదు. ఇంట్లో పెద్దవాళ్లను గదవ ఛాతీకి ఆనించమనండి. ఆనకపోతే, చేతులు తల వెనక్కి పోకపోతే, వంగి నేల మీది రూపాయి బిళ్ల తీయలేకపోతే డాక్టరుకు చూపించండి. అలాంటి మెడను విరవడమంటే ఇరుకైన చోట నలుగుతున్న వెన్నుపామును ఇంకా నలపడమే.

రెండో జబ్బు ఎక్స్‌రే భయం. రిపోర్టులో ‘స్పాండిలోసిస్’ అని ఉంటే చాలు, మనిషి సగం చచ్చిపోతాడు. వయసుతో పాటు పూసల మధ్య డిస్కుల్లో నీరు తగ్గుతుంది, అంచులు మొనతేలుతాయి, జుట్టు నెరిసినట్టే. అరవై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేనివాళ్ల ఎక్స్‌రేలో కూడా ఇది మామూలుగా కనిపిస్తుంది. ఆ ఫిల్ము చూసి, మెడికల్ షాపులో కాలరు కొని నెలల తరబడి బిగించుకుంటారు. యాక్సిడెంటుకో ఆపరేషన్‌కో డాక్టరు వేయమంటే వేరే సంగతి. ఊరికే వేసుకుంటే పనిలేక మెడ కండరాలు నీరసిస్తాయి, తీసేసిన రోజు తలే బరువవుతుంది. తల బరువు దాదాపు అయిదు కిలోలు మరి. 

నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్లు తడబడటం, నడకలో తూలడం, చేతిలో బలం తగ్గడం, మూత్రం మీద పట్టు తప్పడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, కిందపడ్డాక వచ్చిన నొప్పి. ఇవి ఉంటే వ్యాయామం జోలికి పోకుండా నేరుగా ఆస్పత్రికి పోవాలి.

ఇవేవీ లేని మామూలు మెడనొప్పికి కావాల్సింది నెమ్మదైన కదలిక. అన్నిటికంటే నాకు నచ్చింది గదవను వెనక్కి లాగడం. కుర్చీలో నిటారుగా కూర్చొని, చూపు ఎదురుగా ఉంచి, తల పైకెత్తకుండా, కిందికి వంచకుండా గదవను తిన్నగా వెనక్కి లాగాలి. గదవ కింద మడత పడుతుంది, చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి. అయిదు సెకన్లు ఆపి వదలాలి, ఓ పదిసార్లు. చాలామంది తలనే వెనక్కి వాల్చేస్తారు, అది కాదు. తర్వాత మెల్లగా కుడి భుజం మీదుగా, ఎడమ భుజం మీదుగా చూడాలి, పట్టేసే చోటుకు ముందే ఆగాలి. నుదుటికి అరచెయ్యి ఆనించి, తల కదలకుండా చేతిని తలతో నెట్టడం ఇంకొకటి. భుజాల రెక్కలు రెండూ వెనక దగ్గరికి తేవడం మర్చిపోవద్దు, మెడకు ఆసరా వాటిదే. తలను గుండ్రంగా గిరగిరా తిప్పడం మాత్రం వద్దు. కొంచెం లాగినట్టుంటే ఫర్వాలేదు, చేతిలోకి తిమ్మిరి దిగితే అక్కడే ఆపేయాలి.

ఇదంతా చెప్తుంటే నాకే ఒక్కోసారి సిగ్గేస్తుంది. మిర్యాలగూడ మిల్లులో బస్తాలు మోసే హమాలీకి గదవ వెనక్కి లాగమని చెప్పి పంపడం ఏం వైద్యం? ఆసు పోసే (చీర నేసేముందు నూలును చేత్తో మేకుల చుట్టూ చుట్టే) తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశారు. ఒక్క చీరకు వేలసార్లు అటూఇటూ చెయ్యి ఆడించే పని తప్పింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన అమ్మకు వ్యాయామాలు నేర్పలేదు, పనినే మార్చారు. మిల్లు ఓనర్లు బెల్టు కన్వేయర్లు పెట్టి, బస్తా బరువు తగ్గిస్తే నా దగ్గరికొచ్చే మెడలు తగ్గుతాయి. గిరాకీ పోతుందని నాకేం బాధ లేదు.